భయం తగ్గి మళ్ళీ నమ్మకం కలగడాన్ని తెలుగులో ఏమనాలి? ఓదార్పు, ఊరట, భరోసా ఒకటి కావు

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు ఒకసారి చెబుతాను. శస్త్రచికిత్సకు ముందు రోగుల చేతికిచ్చే చిన్న పుస్తకాన్ని మీరు తెలుగులోకి తెస్తున్నారు. భయపడుతున్న మనిషి డాక్టరుతో మాట్లాడాక ఆ భయం తగ్గి, చికిత్స మీదా తన మీదా మళ్ళీ నమ్మకం కలిగితే, ఆ స్థితిని ఒక్క మాటలో ఏమనాలని అడిగారు. నిఘంటువు తెరిస్తే ఓదార్పు, ఊరట, సాంత్వన, ఉపశమనం, భరోసా అన్నీ ఒకే వరుసలో కనబడ్డాయని, ఏది పెట్టి చూసినా వాక్యం ఎక్కడో తేడా కొడుతోందని కూడా రాశారు.

సూటిగా చెప్పాలంటే, ఆ స్థితి మొత్తాన్ని మోసే నామవాచకం తెలుగులో ఒక్కటీ లేదు. మనం దాన్ని క్రియలతో చెప్పుకుంటాం. లోపల జరిగేదానికి ‘మనసు కుదుటపడింది’ అంటాం, ఆ తరువాత వచ్చే బలానికి ‘ధైర్యం చిక్కింది’ అంటాం, అవతలివారు మన కోసం చేసే పనికి ‘ధైర్యం చెప్పారు’ అంటాం. మీ పుస్తకానికి ఈ మూడూ చాలు. ‘ఓదార్పు’ను మాత్రం అందులో ఎక్కడా అడుగుపెట్టనివ్వకండి.

అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఇరవై ఏడేళ్ళు ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి, ఆ తరువాత కొన్నేళ్ళుగా ఆరోగ్య సంబంధమైన కరపత్రాలనూ చిన్న పుస్తకాలనూ తెలుగు చేస్తున్నాను. ఒకసారి ఒక ఆసుపత్రివారు అప్పటికే అచ్చయి, వార్డుల్లో పంచిపెట్టిన పుస్తకాన్ని సరిదిద్దమని నాకు పంపారు. అందులో ‘ఆపరేషన్‌కు ముందు మా వైద్య బృందం మీకు, మీ కుటుంబ సభ్యులకు ఓదార్పునిస్తుంది’ అని ఒక వాక్యం ఉంది. మర్నాడు పొద్దున పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ జరగవలసిన ఒకాయన భార్య, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, వాక్యం కింద వేలు పెట్టుకుంటూ చదువుతూ వచ్చి, ఆ మాట దగ్గర ఆగిపోయిందట. వేలు తీయకుండానే తలెత్తి, ‘ఓదార్పు ఎందుకు సిస్టరుగారూ? ఆయనకేదో అవుతుందని మీకు ముందే తెలుసా?’ అని అడిగిందట. నాకీ సంగతి చెప్పింది ఆ నర్సే. ధైర్యం కలిగించడానికి రాసిన వాక్యమే ఆవిడకు రాత్రంతా నిద్ర లేకుండా చేసింది.

ఆవిడ తప్పుగా చదవలేదు, తెలుగువాళ్ళు చదివినట్టే చదివింది. ఓదార్పు పనిచేసేది జరిగిపోయిన నష్టం మీద, అందులోనూ తిరిగి రానిదాని మీద. ఏడుస్తున్న పసిపిల్లను తల్లి ఓదారుస్తుంది, అది వేరు. అక్కడ మాట మామూలుదే. పెద్దవాళ్ళ విషయంలో మాత్రం ఆ మాట వినగానే మనకు కళ్ళముందు కనబడేది చావు జరిగిన ఇల్లు. 2009 సెప్టెంబరులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణించాక, ఆ వార్త తట్టుకోలేక చనిపోయారని చెప్పిన వారి కుటుంబాలను కలవడానికి ఆయన కుమారుడు 2010లో చేపట్టిన పర్యటనకు ‘ఓదార్పు యాత్ర’ అని పేరు పెట్టారు. రాజకీయం సంగతి ఎలా ఉన్నా మాటను సరైన చోటనే వాడారు. ఆ తరువాత ఆ మాట చావింటికి ఇంకా దగ్గరగా జరిగిందని, వార్తలు దిద్దే పనిలో ఉన్నవాడిగా నాకనిపించింది.

అందుకని మాట ఎంచుకునే ముందు నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను. ఎదుటి మనిషిని బాధపెడుతున్నది జరిగిపోయినదా, ఇప్పుడు జరుగుతున్నదా, జరగబోతుందేమోనన్న అనుమానమా? నిఘంటువులు ఈ తేడా చెప్పవు, ఎందుకంటే వాటి పని అర్థం చెప్పడమే గాని సందర్భం చెప్పడం కాదు. మీ పాఠకుడు మూడో రకం మనిషి. అతనికి ఇంకా ఏమీ కాలేదు, ఏమవుతుందోనని మాత్రమే ఉంది.

ఊరట రెండోదానికి సరిపోతుంది. నెత్తిమీది బరువు కొంత తగ్గింది గాని ఇంకా పూర్తిగా దిగలేదన్న భావం ఆ మాటలో ఎప్పుడూ ఉంటుంది. పత్రికల్లో ‘హైకోర్టులో ఊరట’ అన్న శీర్షిక చూడండి. కేసు కొట్టేశారని దానికి అర్థం కాదు, అరెస్టు ఆగిందనో, విచారణ వాయిదా పడిందనో అర్థం. ఆ మాట ముందు ‘కొంత’ అన్నది అంత తరచుగా వచ్చి కూర్చోవడానికి కారణం కూడా అదే. నా డెస్కు రోజుల్లో ఒక ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబాలకు నష్టపరిహారం ప్రకటించినప్పుడు ‘బాధిత కుటుంబాలకు ఊరట’ అని నేనే శీర్షిక పెట్టాను. రెండు రోజులకు ఒక పాఠకుడి నుంచి పోస్టుకార్డు వచ్చింది. మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకు డబ్బు ఆసరా అవుతుంది గాని ఊరట ఎలా అవుతుందని ఒకే వాక్యంలో అడిగాడు. జవాబు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ కార్డును చాలాకాలం బల్ల సొరుగులో ఉంచుకున్నాను.

ఉపశమనం శరీరానికి సంబంధించినది. నొప్పి, దురద, దగ్గు, ఎండ, ఉక్కపోత, వీటి నుంచి కలిగేది ఉపశమనం. తీవ్రమైన వ్యాధుల్లో బాధ తగ్గించడానికి చేసే వైద్యాన్ని ఉపశమన చికిత్స అనడం చక్కగా కుదిరిన ప్రయోగం. మనసు విషయంలో దాన్ని వాడితే మాత్రం తలనొప్పి మందు ప్రకటనలా వినబడుతుంది. సాంత్వన మంచి మాటే, కవిత్వంలో అందంగా ఉంటుంది. అయితే ఏ ఇంట్లోనూ ఎవరూ ‘నాకు సాంత్వన కలిగింది’ అనగా నేను వినలేదు. బుజ్జగించడం, సముదాయించడం, అనునయించడం అనేవి భయానికి మందులు కావు, అలకకూ కోపానికీ మందులు. ఎన్నికల టికెట్లు రానివాళ్ళ ఇళ్ళకు పెద్ద నాయకులు వెళ్ళే రోజుల్లో ‘బుజ్జగింపులు’ అన్న మాట పత్రికల్లో ఎలా పొంగిపొర్లుతుందో మీరు చూసే ఉంటారు. మీ పుస్తకంలో వాటికి చోటు లేదు.

ఇక మీకు నిజంగా కావలసిన మాట దగ్గరికి వస్తాను. కుదుటపడు అన్న క్రియలో ఉన్నది ‘కుదురు’. నోరు ‘నోట’ అయినట్టు, ఏరు ‘ఏట’ అయినట్టు, కుదురు ‘కుదుట’ అయింది. కుదురంటే ఏమిటో పట్నంలో పుట్టిన పిల్లలకు తెలియకపోవచ్చు గాని మట్టికుండలు వాడిన ఇళ్ళలో అందరికీ తెలుసు. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది, నేలమీద పెడితే ఒరుగుతుంది, నీళ్ళు తొణుకుతాయి. అందుకని గడ్డినో పాతగుడ్డనో చుట్టగా చుట్టి దాని మీద కుండను పెట్టేవారు. ఆ చుట్టే కుదురు. మా అమ్మమ్మ ఇంట్లో వంటగది మూల ఇసుక దిబ్బ మీద ఎండుగడ్డి కుదురు ఉండేది. బావి నుంచి తెచ్చిన బిందెను కొంగు తడుస్తుండగా వంగి దాని మీద ఉంచి, రెండు చేతులతో కాస్త అటూ ఇటూ తిప్పి, నీళ్ళ మీది అలలు ఆగేదాకా ఒక క్షణం అలాగే పట్టుకునేది. తరువాత చేతులు తీసేది.

మనసు కుదుటపడటమంటే అదే. బిందెలో నీళ్ళు తగ్గలేదు, బరువు తగ్గలేదు, ఒరగడం ఆగింది అంతే. మీ రోగి విషయంలో కూడా జరిగేది సరిగ్గా ఇదే కదా. జబ్బు అలాగే ఉంది, రేపటి ఆపరేషన్ అలాగే ఉంది, మనసు మాత్రం తన చోట తాను కూర్చుంది. ‘నమ్మకం కుదిరింది’, ‘మాట కుదిరింది’, ‘సంబంధం కుదిరింది’ అన్నప్పుడు కూడా మనం ఆ కుదురు దగ్గరే ఉన్నాం. కాబట్టి మీరు అడిగిన రెండు భాగాలూ, అంటే భయం సద్దుమణగడం, నమ్మకం తిరిగి రావడం, ఈ ఒక్క ధాతువులోనే దొరుకుతాయి.

భయాన్ని చోటు తప్పడంగా, నెమ్మదిని చోటికి చేరడంగా చూడటం మన భాషలో చాలా లోతుగా ఉన్న అలవాటు. పోతన భాగవతంలో మొసలి నోట చిక్కిన ఏనుగు తన ప్రాణాలు ఠావులు తప్పాయని మొరపెట్టుకుంటుంది, ఠావంటే చోటే. నేటికీ పిల్లవాడు ఇల్లు చేరితే ‘ప్రాణం కుదుటపడింది’ అంటాం, ‘పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది’ అంటాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘స్వస్థత’కు కూడా తనలో తాను నిలిచి ఉండటమనే అర్థం. ‘స్థిమితపడటం’లోనూ కదలకుండా నిలవడమే ఉంది. సంస్కృతంలో అది ‘స్తిమితం’. మనవాళ్ళు ‘స్థ’ చేసి, స్థిరానికీ స్థానానికీ చుట్టం చేసేశారు. ఆ తప్పును నేను ఎప్పుడూ దిద్దలేదు, ఇకముందు కూడా దిద్దను.

రెండో పోలిక ఊపిరిది. ‘ఊపిరి పీల్చుకున్నారు’ అన్నది పత్రికల్లో అరిగిపోయిన మాటే గాని దాని వెనుక పాత చరిత్ర ఉంది. సంస్కృతంలో ఊరటకు ‘ఆశ్వాసం’ అని పేరు, మళ్ళీ ఊపిరి తీసుకోవడమని దాని అర్థం. ‘విశ్వాసం’ పుట్టింది కూడా ఆ శ్వాస ధాతువులోంచే. మలయాళంలో ఈనాటికీ ఊరటను ఆశ్వాసమనే అంటారు. తెలుగు కవులు మాత్రం ఆ మాటను తీసుకుని కావ్యాల అధ్యాయాలకు పేరుగా పెట్టేశారు. మనకు ‘ప్రథమాశ్వాసము’ అంటే పుస్తకంలో ఒక భాగం, అంతే. చదివేవాడు కాస్త ఊపిరి తీసుకునే చోటు అన్న మూలార్థం ఎవరికీ గుర్తులేదు. అందువల్ల ‘ఆశ్వాసన’ అని మీరు రాస్తే పండితులు మెచ్చుకుంటారు, రోగికి మాత్రం అర్థం కాదు.

ధైర్యం దగ్గర జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆ మాట పక్కన ఏ క్రియ కూర్చుంటే అర్థం అటు తిరుగుతుంది. ధైర్యం చెప్పడం వేరు, ధైర్యం చేయడం వేరు. ‘ధైర్యం చేసి ఆపరేషన్ చేయించుకోండి’ అని ఒక ముసాయిదాలో చూశాను. అది సాహసానికి పిలుపులా ఉంది, ముప్పు పెద్దదేనని ఒప్పుకున్నట్టు కూడా ఉంది. ధైర్యం తెచ్చుకోమంటే రోగి తానే ఎక్కడినుంచో తెచ్చుకోవాలి. ధైర్యం కూడగట్టుకోవడం ఇంకా కష్టమైన పని. ధైర్యం చిక్కడం మాత్రం ఎవరో ఏదో చెప్పగా, ఏదో చూడగా దానంతటదే చేతికందడం. మీకు కావలసినది ఆ చివరిది. మాట్లాడేటప్పుడు ఇంకా తేలికగా ‘ధైర్యంగా ఉంటుంది’ అంటాం. ‘పక్కన మా అక్క ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది’ అన్న వాక్యంలో గొప్ప పరాక్రమమేమీ లేదు, భయం లేకపోవడమే ఉంది. ఆ వాడుకను మీరు నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

‘గుండె దిటవు చేసుకోండి’ అన్నది కూడా ధైర్యం చెప్పడమే అనుకుని ఒకరిద్దరు వాడటం చూశాను. దయచేసి వద్దు. తెలుగువాడికి ఆ మాట వినబడిందంటే వెనకాలే చెడువార్త వస్తోందని అర్థం. ‘తేరుకోవడం’ దెబ్బ తగిలాక జరిగేది. ‘కోలుకోవడం’ జబ్బు తగ్గాక జరిగేది. అది మీ పుస్తకంలో ఆపరేషన్ తరువాతి పేజీలకు ఎలాగూ కావాలి కనుక ముందు పేజీల్లో మనసుకు వాడి గందరగోళం చేయవద్దు.

భరోసా హిందీ, ఉర్దూల మీదుగా వచ్చినా ఇప్పుడు పూర్తిగా మనదే. అయితే భరోసా ఇచ్చేవాడు జామీను ఇచ్చినట్టే లెక్క. ప్రభుత్వాలకు ఆ మాటంటే ఇష్టం కావడంలో ఆశ్చర్యం లేదు: ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన పథకం పేరు రైతు భరోసా, తెలంగాణలో 2025 జనవరిలో మొదలైనదాని పేరూ రైతు భరోసాయే. తెలంగాణలో 2014లో మొదలైన పింఛన్ల పథకానికి ‘ఆసరా’ అని పేరు పెట్టారు. ఒరిగిపోతున్నదానికి ఆనించే కర్ర వంటిది ఆసరా, అది మాట నిలుపుకోవడం గురించి కాదు, బరువు మోయడం గురించి. ‘అభయం’ ఇంకా పైమెట్టు మీది మాట. దేవుళ్ళు, రాజులు, ఎన్నికల ముందు పార్టీలు ఇస్తారు. ధీమాలో నమ్మకంతోపాటు కొంచెం పొగరు వాసన కూడా ఉంది. ‘వాడి ధీమా చూడు’ అని ఎవరూ మెచ్చుకోలుగా అనరు. బీమాకు ప్రాస కలుస్తుందని శీర్షికలు రాసేవాళ్ళం (నేనూ రాశాను) దాన్ని మరీ అరగదీశాం.

మీ పుస్తకం ఏ ప్రాంతంలో పంచుతారో మీరు చెప్పలేదు. తెలంగాణ జిల్లాల్లో అయితే ‘నిమ్మళం’ అన్న మాట మీ దగ్గర ఉంచుకోండి. ‘ఇప్పుడు పానం నిమ్మళమైంది’ అని అక్కడివాళ్ళు అన్నారంటే కుదుటపడటం, ఊరట, ప్రశాంతత మూడూ అందులో ఉన్నట్టే. భయపడవద్దనడానికి ‘రంది పడకు’, ‘ఫికర్ చేయకు’ అంటారు. కోస్తాలో ‘బెంగపెట్టుకోకు’ అన్నట్టు. తమిళంలో ‘నిమ్మది’, కన్నడంలో ‘నెమ్మది’ అంటే మనశ్శాంతే. మనం మాత్రం నెమ్మదిని ఎక్కువగా వేగానికి కట్టేశాం. ‘జ్వరం నెమ్మదించింది’ అన్నప్పుడు మాత్రమే పాత అర్థం కాస్త తొంగిచూస్తుంది. అందుకే బెంగళూరు తెలుగువాళ్ళు ‘ఇక్కడ నెమ్మదిగా ఉంది’ అంటే మనవాళ్ళు ఏది నెమ్మదిగా నడుస్తోందో అర్థం కాక తికమకపడతారు. అచ్చు పుస్తకంలో నిమ్మళం రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం; నేనైతే నోటితో చెప్పే ఆడియోలోనో, నర్సులకిచ్చే శిక్షణలోనో వాడతాను. పుస్తకంలో కుదుటపడటం రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలుస్తుంది.

మీరు ఒక్క మాటే కావాలని పట్టుబడితే, ఒకటుంది గాని అది అచ్చుకు పనికిరాదు: ‘హమ్మయ్య’. డాక్టరు గది బయటికి వచ్చి కుర్చీలో కూలబడి మనిషి అనేది అదే. మీరు అడిగిన స్థితి అంతా అందులో ఉంది, వ్యాకరణం మాత్రం లేదు.

ఇప్పుడు వాక్యాలు. నేను పైన చెప్పిన ఆసుపత్రి పుస్తకంలో ఆ వాక్యాన్ని ఇలా మార్చాను: ‘ఆపరేషన్ గురించి మీకున్న భయాలను డాక్టరుగారితో చెప్పండి. వారు మీ సందేహాలు తీర్చి ధైర్యం చెబుతారు. మీ మనసు కుదుటపడేదాకా ఎన్నిసార్లయినా అడగవచ్చు.’ మూల వాక్యం ఒకటే అయినా తెలుగులో మూడయ్యాయి. అందుకు ఆసుపత్రివారు మొదట నసిగారు, పేజీలు పెరుగుతాయన్నారు. మూడింటిలోనూ కర్తలు వేరు, చెప్పేది రోగి, ధైర్యం చెప్పేది డాక్టరు, కుదుటపడేది మనసు. వాటిని ‘మీకు భరోసా లభిస్తుంది’ అన్న ఒకే వాక్యంలో కుక్కితే ఎవరు ఏం చేస్తారో ఎవరికీ తెలియదని చెప్పి ఒప్పించాను. తెలుగులో ‘లభిస్తుంది’ అని రాయబుద్ధేసినప్పుడల్లా, ఎవరు ఇస్తున్నారని ఒకసారి అడిగి చూడండి. సగం తేడా అక్కడే బయటపడుతుంది.

ఒక హెచ్చరిక కూడా. అదే ఆసుపత్రిలో ఒక పెద్ద సర్జనుగారు ‘పూర్తి భరోసా ఇస్తాం’ అన్న మాట ఉండాలని కోరారు. ఆయన ఉద్దేశం మంచిదే. అయితే ఆ పుస్తకం చివరి పేజీలోనే రోగి సంతకం చేసే అంగీకార పత్రం ఉంది, అందులో రాగల ఇబ్బందులన్నీ రాసి ఉన్నాయి. ముందు పేజీలో భరోసా ఇచ్చి, వెనుక పేజీలో ‘ఏమైనా కావచ్చునని నాకు తెలుసు’ అని సంతకం తీసుకుంటే, చదవడం వచ్చినవాడు రెండింటినీ నమ్మడు. ‘జాగ్రత్తగా చూసుకుంటాం’ అని మార్చాక ఆయనా ఒప్పుకున్నారు. మీ పుస్తకంలో అంగీకార పత్రం కలిసి ఉంటే భరోసా, హామీ, అభయం మూడింటినీ ముందు పేజీల్లోంచి తీసేయండి.

మత్తుమందు గురించిన పేరాలో మాత్రం ఉపశమనం అవసరం కావచ్చు, అక్కడ విషయం నొప్పి కనుక. ఆ పేరాకు మీరు చేసిన తెలుగును ఇక్కడ పెడితే చదివి చెబుతాను.